మా అత్తగారి డాలీ బ్రాంజ్ వేలానికి వెళ్లిన వైనం

మా అత్తగారింట్లో ముప్పై ఎనిమిదేళ్లు హాల్లో నిలబడి ఉన్న, స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ చేసిన బ్రాంజ్ (కంచు) శిల్పాన్ని 2024 డిసెంబరులో పారిస్‌లో వేలం వేయించి అమ్మాం. అమ్ముదామన్న మాట ఇంట్లో వచ్చింది అదే ఏడాది ఫిబ్రవరిలో. డబ్బు ఆవిడ ఖాతాలో పడేసరికి 2025 జనవరి నాలుగో వారం. డాలీ పేరు వింటే చాలు, జనం ఎగబడతారని మా ఇంట్లో అందరి నమ్మకం. అసలు ఏం జరుగుతుందో రాసి పెడితే ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్లకి కాస్తయినా టెన్షన్ తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

నాది తెనాలి. మా ఆయనది ఫ్రాన్స్‌లో తూర్. మామగారు పళ్ల డాక్టరు, ఆయన పోయి ఆరేళ్లయింది. అత్తగారికి ఒంట్లో బాగుండక వృద్ధాశ్రమంలో చేరాల్సి వచ్చింది. అక్కడ నెలకి 2,700 యూరోలు. ఫ్లాట్ ఖాళీ చేస్తూ ఏది ఉంచాలి, ఏది అమ్మాలి అని లెక్క వేసుకుంటుంటే ఆవిడే అన్నారు, "డాలీని అమ్మేయండి, ఏడాది ఫీజు వచ్చేస్తుంది" అని.

వస్తువు గురించి రెండు ముక్కలు. అరమీటరు ఎత్తు. ఎండిన చెట్టు కొమ్మ మీద నుంచి గడియారం కరిగి కిందికి జారుతుంటుంది. పక్క నుంచి చూస్తే ఆ జారిన అంచే మనిషి ముఖం అయిపోతుంది: నుదురు, ముక్కు, గడ్డం. పేరు ‘ప్రొఫైల్ ఆఫ్ టైమ్’. డాలీ 1931లో వేసిన కరిగే గడియారాల బొమ్మ న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. ఫొటోల్లో చూసి గోడంత ఉంటుందనుకుంటాం గానీ, అది 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు మాత్రమే. ఆ గడియారాన్నే ఆయన 1970ల్లో శిల్పంగా మలిచాడు. మా దాని పీఠం మీద డాలీ సంతకం, స్విట్జర్లాండ్‌లోని పెర్సెయో ఫౌండ్రీ (లోహం పోతపోసే చోటు) ముద్ర, 217/350 (350 కాపీల్లో 217వది) అన్న అంకెలు చెక్కి ఉన్నాయి. ఒళ్లంతా ముదురు ఆకుపచ్చ, ఒక్క ముక్కు కొస మాత్రం బంగారు రంగు. మా ఆయనా, మా ఆడపడుచూ చిన్నప్పుడు అటూ ఇటూ పోతూ ఆ ముక్కు పట్టుకుని లాగేవారట. రంగు అరిగి లోపలి లోహం బయటపడింది.

వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించాను. "ఇదేంటే, నాచు పట్టిపోయింది? చింతపండు పెట్టి తోము, తళతళలాడుద్ది" అంది. వెంటనే, "కిలో లెక్కన ఎంతొస్తది?" అని ఇంకో ప్రశ్న. తప్పేమీ లేదు. తెనాలిలో నాయకుల కంచు విగ్రహాలు పోతపోసే చోట్ల బేరమంతా ఎత్తూ బరువూ మీదే నడుస్తుంది. ఆ చింతపండు మాట ఇక్కడ పొరపాటున కూడా అమలు చేయకండి. ఆ ఆకుపచ్చ నాచు కాదు. పోత అయ్యాక లోహాన్ని వేడిచేసి రసాయనాలు పూసి తెప్పించే రంగు. తోమితే పోతుంది, దాంతోపాటు ధరా పోతుంది.

మొదటి పని కాగితాలు. మామగారు అన్నీ జాగ్రత్త చేసే మనిషే, కానీ ఎక్కడ పెట్టారో ఎవరికీ చెప్పే అలవాటు లేదు. మార్చి మొదట్లో, పళ్ల ఎక్స్‌రేలు దాచిన ఒక పెద్ద కవరులో, శిల్పం అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ దొరికింది. దాని వెనకే 1986 నాటి గ్యాలరీ బిల్లు: 38,000 ఫ్రాంకులు. యూరో లెక్కలో 5,793. ఆ కాగితం దొరక్కపోతే ఏమయ్యేదని తర్వాత అడిగితే, వేలం వాళ్లు "తీసుకునేవాళ్లం, కానీ అంచనా సగానికి పడేది" అని తాపీగా చెప్పారు.

ఫ్రాన్స్‌లో వేలం సంస్థలు సాధారణంగా అంచనా ఉచితంగానే కట్టి చెబుతాయి. నాలుగు వైపుల నుంచి ఫొటోలు, సంతకం, అంకెలు, ముద్ర దగ్గర నుంచి, కొలతలు, బరువు, కాగితాల స్కాన్ పంపాలి. కొన్నిచోట్లకి పంపాం. ఒక పెద్ద సంస్థ నుంచి జవాబే లేదు. ఇంకొకరు ‘మా వేలాల స్థాయికి సరిపోదు’ అని మర్యాదగా తప్పుకున్నారు. ఎనిమిది రోజుల తర్వాత ఒక మధ్యస్థాయి సంస్థ నుంచి రెండు లైన్ల మెయిల్: అంచనా 4,000 నుంచి 6,000 యూరోలు.

అత్తగారు అరగంట సేపు మాట్లాడలేదు. ఆవిడ మనసులో ఉన్నది 30,000. అది గాలిలోంచి పుట్టిన అంకె కూడా కాదు. ఇంటర్నెట్‌లో ఇదే శిల్పాన్ని గ్యాలరీలు అంతకి దగ్గర ధరలు పెట్టి కూర్చున్నాయి. అవి అడిగే ధరలు. ఏళ్ల తరబడి అవే ఫొటోలు, అవే అంకెలు. పాత వేలాల్లో ఎంతకి కొట్టేశారో వెతికి చూస్తే అప్పుడు అర్థమైంది మా మెయిల్‌లో ఉన్నదే నిజమని.

ఏప్రిల్‌లో శిల్పాన్ని పారిస్ తీసుకెళ్లి నిపుణుడికి చూపించమన్నారు. ఫోమ్ నింపిన చెక్కపెట్టెకి 85 యూరోలు పెట్టాం. దాన్ని కారు వెనక సీట్లో పెట్టి, సీటుబెల్టు బిగించి తీసుకెళ్లాం. దారి పొడవునా బ్రేకు వేసినప్పుడల్లా నా చెయ్యి వెనక్కి పోయేది.

ఆ నిపుణుడు పని చేసిన తీరు మాత్రం చూసి తీరాలి. ముందు అయస్కాంతం పెట్టాడు, అంటుకోలేదు. తిరగేసి లోపలి బోలులో టార్చి వేసి అతుకులు చూశాడు. గోటితో కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. ఆ తర్వాత టేపు తీసి ఎత్తు మిల్లీమీటర్లలో కొలిచాడు, ఒకసారి కాదు, మూడు వైపుల నుంచి. ఎందుకని అడిగాను. తయారైన బ్రాంజ్ మీదే అచ్చు తీసి దొంగపోత పోస్తే, కరిగిన లోహం చల్లారి కుంచించుకుపోతుంది కాబట్టి ఆ నకలు అసలు కంటే కాస్త పొట్టిగా వస్తుందట. మాది పొట్టిపడలేదు. డాలీతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన రొబెర్ దెషార్న్, ఆయన కొడుకు నికొలా కలిసి 2004లో డాలీ శిల్పాల మీద పెద్ద జాబితా పుస్తకం వేశారు. అందులో మా శిల్పం పేజీ తీసి, కొలతలు పక్కపక్కనే పెట్టి చూపించాడు.

ధర ఎందుకింత తక్కువో కూడా ఆయనే చెప్పాడు. మైనపు అచ్చు కరిగించి పోసే పద్ధతి నాకు కొత్త కాదు, తెనాలిలో చిన్నప్పుడు చూసిందే. అసలు నమూనా మీద ఒక్కసారి రబ్బరు అచ్చు తీసుకుంటే, దాంట్లో మైనం పోసి ఎన్ని బొమ్మలైనా తీయొచ్చు. ఒక్కో మైనపు బొమ్మకి ఒక్కో బ్రాంజ్. మాది 350లో 217వది. వీటికి తోడు ఆర్టిస్టు కాపీలని, ఆర్టిస్టు తన కోసం ఉంచుకునేవి, వేరే ఉంటాయి. ఆయన పోలిక చెప్పాడు: స్విట్జర్లాండ్ శిల్పి జకొమెట్టి కూడా 1930ల మొదట్లో డాలీలాగే సర్రియలిస్టుల (కలల్లాంటి వింత బొమ్మలు చేసేవాళ్ల) గుంపులో ఉన్నవాడే. ఆయన 1947లో చేసిన, వేలు చూపిస్తున్న మనిషి బ్రాంజ్ 2015లో న్యూయార్క్‌లో 14.13 కోట్ల డాలర్లకి పోయింది. దాన్ని పోసింది ఆరు, పైన ఆర్టిస్టు కాపీ ఒకటి. అంతే. పైగా డాలీ పేరు చుట్టూ ఉన్న అనుమానాలు కొనేవాణ్ని ఎప్పుడూ వెనక్కి లాగుతాయి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసిన మనిషాయన. 1974లో ఫ్రెంచి కస్టమ్స్ వాళ్లు ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య ఉన్న చిన్న దేశం ఆండోరా వెళ్తున్న ఒక లారీని ఆపితే, డాలీ సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. అవి ప్రింట్ల కోసం, శిల్పాలతో వాటికి సంబంధం లేదు. కానీ పేరుకి మచ్చ పడ్డాక అది ఏ వస్తువు వల్ల పడిందని ఎవరు చూస్తారు?

నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి ఆయన కళ్లు మెరిశాయి. "మీ ఇంట్లో ఎయిరిండియా యాష్‌ట్రే ఏమైనా ఉందా?" అని అడిగాడు. 1967లో ఎయిరిండియా కోసం డాలీ పింగాణీ యాష్‌ట్రే ఒకటి డిజైన్ చేసి, ఫీజుగా ఏనుగుపిల్లని అడిగాడు. వాళ్లు నిజంగానే బెంగళూరు నుంచి పంపించారు. తెనాలిలో మా ఇంట్లో అలాంటివేం లేవని చెప్పాల్సి వచ్చింది. అత్తగారి బ్రాంజ్ కంటే దాని గురించి అడిగినప్పుడే ఆయన గొంతులో ఆశ ఎక్కువ కనిపించింది.

ఏప్రిల్ ఆఖర్లో ఒప్పందం. ఇక్కడ ప్రతి లైనూ చదవండి. అమ్మేవాళ్ల దగ్గర తీసుకునే కమిషన్ 12 శాతం, దాని మీద 20 శాతం వ్యాట్. అంటే నిజానికి 14.4. ఫొటోకి 60 యూరోలు, బీమాకి తెగిన ధర మీద ఒక శాతం. కొన్నవాడు వేలం సంస్థకి 28 శాతం విడిగా కట్టుకుంటాడు. కమిషన్ మొదట 15 అన్నారు. మా ఆయన మొహమాటపడుతుంటే నేనే బేరమాడాను. మూడు శాతం తగ్గించడానికి ఒప్పందం రాస్తున్నావిడకి పట్టింది మూడు నిమిషాలు. అడగనివాళ్లంతా ఆ మూడూ ఊరికే కడుతున్నారన్నమాట.

రిజర్వు ధర, అంటే ఇంతకి తక్కువైతే ఇవ్వం అనే గీత, దగ్గర అత్తగారు 8,000 అన్నారు. కుదరదు. ఫ్రెంచి చట్టం ప్రకారం రిజర్వు ధర కేటలాగులో వేసే కింది అంచనాని దాటకూడదు. 4,000 దగ్గర పెట్టుకున్నాం.

అసలు వింత ఇంకొకటి. ఇక్కడ ఆర్టిస్టు వస్తువు చేతులు మారినప్పుడల్లా ఆర్టిస్టుకో, ఆయన పోయాక 70 ఏళ్ల దాకా వారసులకో వాటా పోతుంది. 50,000 యూరోల దాకా నాలుగు శాతం, కట్టాల్సింది మామూలుగా అమ్మినవాళ్లు. డాలీ పోయింది 1989 జనవరిలో, కాబట్టి ఇంకా చాలా ఏళ్లుంది. డాలీ వాటా డబ్బు ఎవరికి చెందాలన్న దాని మీద కోర్టు కేసే నడిచింది. డాలీ తన ఆస్తంతా స్పెయిన్ ప్రభుత్వానికి రాసిచ్చాడు, అప్పటి ఫ్రెంచి చట్టమేమో ఈ వాటా కుటుంబ వారసులకే అనేది. 2010లో యూరప్ కోర్టు దాకా వెళ్లింది. సరే, మేమెంత కట్టాలని అడిగితే ఒప్పందం రాస్తున్నావిడ నవ్వి, "మీరేమీ కట్టక్కర్లేదు" అంది. చట్టం దృష్టిలో పోత శిల్పాల్లో మొత్తం పన్నెండు కాపీల దాకానే ‘ఒరిజినల్’. ఎనిమిదింటికి మామూలు నంబర్లు, నాలుగు ఆర్టిస్టు కాపీలు, ఇదీ ఇక్కడి ఆనవాయితీ. 350 అన్నది ఆ లెక్కలోకే రాదు. డబ్బు మిగిలినందుకు నాకు హాయిగా అనిపించింది. అత్తగారికి మాత్రం ఒళ్లు మండిపోయింది. "ముప్పై ఎనిమిదేళ్లు దుమ్ము దులిపాను, ఇప్పుడు ఒరిజినల్ కాదంటావా!" అని నా మీదే ఎగిరారు. సంతకం నిజమే, పోతా నిజమే, సర్టిఫికెట్టూ నిజమే, చట్టానికే వేరే లెక్క ఉందని నచ్చజెప్పడానికి ఆ ఆదివారమంతా సరిపోయింది.

వేలం జూన్‌లో. కేటలాగు వేలానికి రెండు వారాల ముందు వచ్చింది. తెరిచి చూస్తే మా శిల్పం కింద 271/350 అని ఉంది. సర్టిఫికెట్‌లో 217. ఫోన్ చేస్తే "చిన్న అచ్చుతప్పు, హాల్లో సవరించి చదువుతాం" అన్నారు. చదివారు కూడా. కానీ ఇంటర్నెట్‌లో చూసి ముందే బిడ్ పెట్టేవాళ్లకి ఆ సవరణ ఎక్కడ వినిపిస్తుంది? ఒక కొనేవాడైతే ‘కాగితం వేరే కాపీదా?’ అని మెయిల్ రాశాడట. సంస్థవాళ్లు ఈ రోజుకీ ఒప్పుకోరు, ఆ వారం పారిస్‌లో వేలాలు ఎక్కువైపోయాయని అంటారు. నా లెక్కలో మమ్మల్ని ముంచింది ఆ అచ్చుతప్పే.

హాల్లో కూర్చున్నాం నేనూ, మా ఆయనా. ఒక్కో వస్తువుకి నిమిషమో నిమిషంన్నరో, అంతకంటే ఆగరు. మా ముందు ఒక చైనా కూజా, రెండు డాలీ ప్రింట్లు చకచకా వెళ్లిపోయాయి. మా వంతు వచ్చింది. పాట 2,500 దగ్గర మొదలై, 2,800, 3,000, 3,200 దగ్గర ఆగింది. వేలం నడిపే ఆయన హాలంతా ఒకసారి కలయజూసి, ఫోన్లవాళ్ల వైపు చూసి, సుత్తి కొట్టి తర్వాతి నంబరు చదివేశాడు. అమ్ముడుపోయిందో లేదో నాకు అర్థం కాలేదు. మా ఆయన చెవిలో "పోలేదు" అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. నాది కూడా కాని వస్తువు కోసం అంత బాధ ఎందుకో ఇప్పటికీ తెలీదు. అత్తగారికి ఫోన్ చేసి చెప్పే పని మాత్రం మా ఆయనకే వదిలేశాను.

అమ్ముడుపోని వస్తువుతో వచ్చే చిక్కులు ఎవరూ ముందు చెప్పరు. పదిహేను రోజుల్లో తీసుకెళ్లకపోతే రోజుకి 5 యూరోలు గోడౌన్ అద్దె. వెబ్‌సైట్‌లో మీ ఫొటో పక్కన అమ్ముడుపోలేదన్న ముద్ర అలాగే ఉండిపోతుంది. రేపు ఇంకో చోటికి తీసుకెళ్తే ముందు అదే చూస్తారు. వేలం మర్నాడే ఒక వ్యాపారి సంస్థ ద్వారా 3,000 ఇస్తానని కబురు పెట్టాడు. ‘ఇదే ఆఖరు మాట, సాయంత్రం లోపు చెప్పండి’ అన్నాడు. అత్తగారు ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడ మొండితనం అనిపించింది, ఆవిడదే రైటయింది.

వేసవిలో ఇక్కడ ఏ పనీ జరగదు. సెప్టెంబరులో మళ్లీ మాట్లాడాం. అద్దె అడగకూడదని, నంబరు తప్పు వాళ్లది కాబట్టి ఫొటో డబ్బు మళ్లీ తీసుకోకూడదని మెయిల్లో రాయించుకున్నాను. ఈసారి అన్నిరకాల వస్తువుల వేలంలో కాకుండా, డిసెంబరులో ఆధునిక ప్రింట్లు, శిల్పాలు మాత్రమే ఉండే వేలంలో పెట్టమన్నాం. అంచనా 3,500 నుంచి 5,000. కేటలాగులో సర్టిఫికెట్ ఫొటో, 1986 బిల్లు ఫొటో కూడా వేశారు. అచ్చుకి వెళ్లే ముందు ప్రూఫ్ మాకు పంపాలని అడిగాం, పంపారు. ఒక్కో అంకె వేలుపెట్టి చదివాను.

డిసెంబరు 11న హాలుకి వెళ్లలేదు, నాకు ఆఫీసు. లంచ్‌లో ఫోన్లో లైవ్ చూశాను. పాట 3,000 దగ్గర మొదలైంది. ఇంటర్నెట్‌లో ఒకరు, ఫోన్లో ఒకరు, ఇద్దరే. 3,800 దగ్గర ఫోనతను ఆగాడు. అయిపోయిందనుకున్నాను. మళ్లీ 4,000 అన్నాడు. ఇంటర్నెట్‌లో ఉన్నవాడు 4,200. ఫోన్ పట్టుకున్న అమ్మాయి అవతలి మనిషితో గుసగుసగా ఏదో మాట్లాడుతోంది, వేలం నడిపే ఆయన సుత్తి ఎత్తి ఆవిడ కోసం ఆగాడు. ఆ నాలుగైదు సెకన్లు నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చున్నాను. ఆవిడ తలూపింది. 4,400. సుత్తి పడింది.

కొన్నవాడికి 28 శాతంతో కలిపి పడింది 5,632. మా వైపు 633.60 కమిషన్, 44 బీమా, 60 ఫొటో పోగా 3,662.40 రావాలి. అమ్మకం ధర 5,000 దాటలేదు కాబట్టి పన్ను లేదు. దాటి ఉంటే ఆ ఫారాల గొడవ వేరే ఉండేది. అత్తగారు అనుకున్న ఏడాది ఫీజు కాస్తా నెలా పదిరోజుల ఫీజు అయింది. మామగారు పెట్టిన 38,000 ఫ్రాంకులు కూడా తిరిగి రాలేదు. "ఆయన లాభం కోసం కొనలేదులే" అని అత్తగారే అన్నారు, మాకు సర్దిచెబుతున్నట్టు.

సుత్తి పడ్డాక డబ్బు వెంటనే రాదు. కొన్నవాడు కట్టాలి, అది వాళ్ల ఖాతాలో స్థిరపడాలి. చట్టం అమ్మినవాళ్లకి ఇవ్వడానికి రెండు నెలల గడువిస్తుంది, వాళ్లు ఆ గడువుని బాగానే వాడుకుంటారు. క్రిస్మస్ సెలవులు, కొత్త సంవత్సరం సెలవులు అన్నీ అయ్యాక జనవరి 24న పడింది. పడింది 3,602.40. స్టేట్‌మెంట్ చూస్తే ఫొటో ఖర్చు రెండుసార్లు పట్టారు, జూన్‌ది ఒకటి, డిసెంబరుది ఒకటి. సెప్టెంబరు మెయిల్ జతచేసి రాస్తే, ఫిబ్రవరి రెండో వారంలో ఆ 60 యూరోలు వేశారు, సారీ లేదు, ఒక ముక్క వివరణ లేదు.